బాలానగర్ వదిలి వెళ్లొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని బాలానగర్ పారిశ్రామికవాడలో పద్నాలుగేళ్లుగా జాబ్ వర్క్ షాపు నడుపుతున్నాను. రెండు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌లు, ఒక వీఎంసీ (నిలువు మిల్లింగ్ మెషిన్), ఒక పాత లేత్, ఏడుగురు మనుషులు. పంపులు, వాల్వులు తయారుచేసే కంపెనీలకు షాఫ్టులు, స్పిండిళ్లు, బుష్‌లు చేసిస్తాం. షెడ్డు అద్దె నెలకు 60,000 దాకా వచ్చింది. సూర్యాపేట దగ్గర హైవేని ఆనుకుని మాకు సొంత స్థలం ఉంది. అక్కడే షెడ్డు వేసేద్దాం, అద్దె మిగులుతుంది, కుర్రాళ్లు తక్కువ జీతానికి దొరుకుతారు అంటాడు మా తమ్ముడు. బాలానగర్ వదిలితే ఏడాదిలో తాళం వేసుకుంటావు అంటాడు మా బావమరిది. కానీ బాలానగర్‌లో ఉండి కూడా మా వీధిలో మూడేళ్లలో నాలుగు షాపులు మూతపడ్డాయి. అందరూ ఒకేచోట ఉండటం వల్ల నిజంగా లాభం ఉందా? నన్ను ఏం చేయమంటారు?

జవాబు: మీ తమ్ముడు అద్దె లెక్క ఒక్కటే వేశాడు. మీ బావమరిది ఆ మాత్రం లెక్క కూడా వేయలేదు. ఇద్దరి మాటా కాసేపు పక్కనపెట్టి, మీ షాపులో ఎక్కువగా నడిచే జాబ్ ఒకటి పట్టుకుని, అది ఎక్కడెక్కడ తిరిగొస్తుందో చూద్దాం.

పంపు షాఫ్టే తీసుకోండి. ఈఎన్24 రకం స్టీలు రాడ్డు, 40 మిల్లీమీటర్ల వ్యాసం, 300 పొడవు. ఒక్కోటి సుమారు మూడు కిలోలు, వంద ముక్కల లాటంటే 300 కిలోలు. స్టీలు దుకాణంలో కోయించి తెస్తారు. రఫ్ టర్నింగ్ మీ దగ్గర. అక్కడి నుంచి ఫర్నేస్‌కు పోతుంది. 850 డిగ్రీల దగ్గర వేడి చేసి, నూనెలో ముంచి, టెంపరింగ్ చేసి (పెళుసుతనం పోయేలా మళ్లీ కాస్త వేడి చేసి) గట్టిదనాన్ని 28 నుంచి 32 రాక్‌వెల్‌కు తెస్తారు. తిరిగొచ్చాక మీ దగ్గర ఫినిష్ టర్నింగ్, వీఎంసీ మీద కీవే (తాళపుచీల కూర్చునే గాడి). మళ్లీ బయటికి. సీలు కూర్చునే చోట ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటు వేడితో పైపొరను గట్టిపరచడం), ఆ తర్వాత సిలిండ్రికల్ గ్రైండింగ్. అప్పుడు కంపెనీకి. బిల్లు మీ పేరు మీదే ఉన్నా, ఆ షాఫ్టు మీద కనీసం నాలుగు షాపుల చేయి పడింది. బాలానగర్‌లో ఈ తిరుగుడంతా ట్రాలీ ఆటో మీద, ట్రిప్పుకు మూడు నాలుగు వందలతో అయిపోతుంది. పూటలో వెళ్లి పూటలో వస్తుంది కాబట్టి అది ఖర్చని కూడా ఎవరికీ అనిపించదు.

ఇదే షాఫ్టును సూర్యాపేటలో చేయండి. నగరం దాటి బాలానగర్ చేరాలంటే ఒకవైపే దాదాపు 150 కిలోమీటర్లు. రాడ్డు అటు నుంచి రావాలి, రఫ్ చేసిన సరుకు ఇటు నుంచి పోవాలి, గట్టిపడిన సరుకు మళ్లీ రావాలి, ఫినిష్ చేసింది మళ్లీ పోవాలి. నాలుగు ప్రయాణాలు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బండి నిండుగా ఉంటే రెండు రాకపోకలతో సరిపోతుంది. అలా ఎప్పుడూ కుదరదు, మూడు అనుకోండి. టాటా ఏస్ అద్దె, పంతంగి, కొర్లపహాడ్ టోళ్లు కలిపి ఒక రాకపోకకు 6,000 వేసుకుందాం (మీకు తెలిసిన బండి రేటు వేసి సరిచూసుకోండి). లాటుకు 12,000 నుంచి 18,000. ముక్కకు 120 నుంచి 180 రూపాయలు. ఇలాంటి లాట్లు నెలకు ఐదు నడిస్తే 60,000 నుంచి 90,000. మీ తమ్ముడు మిగులుస్తానన్న అద్దె అక్కడే అయిపోయింది, కొత్త షెడ్డు కట్టిన అప్పు ఇంకా లెక్కలోకి రానే లేదు.

రెండు లాట్లు కలిపి ఒకే బండిలో పంపితే ఖర్చు సగమవుతుంది కదా అనొచ్చు. అవుతుంది. కానీ మొదటి లాటు రెండో లాటు కోసం ఆగుతుంది. బాలానగర్‌లో తొమ్మిది పది రోజుల్లో తిరిగే లాటు అక్కడ పదిహేను రోజులు దాటుతుంది. అన్ని రోజులూ మీ స్టీలు డబ్బు, కూలి డబ్బు సగం చేసిన సరుకులో ఇరుక్కుని ఉంటుంది. కొనే కంపెనీకి కావలసింది తేదీ. తేదీ రెండుసార్లు తప్పితే మూడో డ్రాయింగు మీకు రాదు.

రవాణా కంటే పెద్ద నష్టం తేడా వచ్చినప్పుడు తెలుస్తుంది. వంద షాఫ్టులు ఫర్నేస్ నుంచి వచ్చాయనుకోండి. నూనెలో ముంచేటప్పుడు కొన్ని వంగుతాయి, అది మామూలే. అందుకే వ్యాసంలో 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మెటల్ వదిలి పంపుతారు. వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ ఆనించి తిప్పితే ఓ ఏడు షాఫ్టులకు ముల్లు 0.5 దాటింది. బాలానగర్‌లో అయితే ఆ ఏడింటినీ గోతాంలో వేసుకుని స్కూటర్ మీద వెనక్కి తీసుకెళ్తారు. ఫర్నేస్‌ వాళ్లు మీ కళ్లముందే ప్రెస్ మీద తిన్నగా చేసి, మళ్లీ టెంపరింగ్ పెట్టి సాయంత్రానికి ఇచ్చేస్తారు. కాస్త గొడవ, రెండు టీలు, అంతే. 150 కిలోమీటర్ల దూరంలో ఆ ఏడు షాఫ్టుల సంగతి తెలిసేది రెండో రోజు, వెనక్కి పోయేది ఆ తర్వాతి బండికి. ఈలోగా "మా దగ్గర నుంచి నేరుగానే పోయాయి, మీ బండిలోనే ఏదో అయింది" అనే మాట వస్తుంది. తప్పు ఎవరిదో తేలదు. వంద షాఫ్టుల ఆర్డరుకు తొంభై మూడే చేరతాయి.

ఇక ఖాతా. ఫర్నేస్‌ వాళ్లు, గ్రైండింగ్ వాళ్లు, ఇన్సర్ట్‌లు (మెటల్ కోసే మార్చుకునే మొనలు) అమ్మే దుకాణం, వీళ్లంతా మీకు నెలాఖరు దాకా అరువిస్తారు. పద్నాలుగేళ్లుగా మీ ముఖం చూస్తున్నారు కాబట్టి కాగితం అడగరు. నిజానికి ఆ వీధి మీకు వడ్డీ అడగని బ్యాంకు. మీకు రావలసిన డబ్బుకు చట్టం ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు చెల్లించాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ. 2006 నాటి చట్టం అది. అయినా పని ఇచ్చే కంపెనీ మీద కేసు పెట్టే జాబ్ వర్క్ షాపు ఎక్కడుంటుంది? ఆ ఖాళీని పూడ్చేది వీధిలోని అరువే. కొత్త ఊరికి పోతే పాతవాళ్లు ఒకటి రెండు నెలలు మొహమాటానికి ఇస్తారు, తర్వాత "గూగుల్ పే కొట్టేయండి అన్నా" అంటారు. ప్రస్తుతం మీరు నెల సగటున ఎంత అరువు మీద నడుస్తున్నారో లెక్క తీయండి. అంత మొత్తం చేతిలో ఉంచుకోకుండా షెడ్డు మారకండి.

మనుషుల విషయంలో మీ తమ్ముడిది సగం నిజం. ఆపరేటర్లు దొరుకుతారు. ఐటీఐ చదివిన కుర్రాణ్ని తీసుకుంటే ముక్క బిగించి, బటన్ నొక్కి, మైక్రోమీటర్ పట్టుకోవడం మూడు నెలల్లో వస్తుంది. సెట్టర్ దొరకడు. టూల్ ఆఫ్‌సెట్లు సరిచేసి, కొత్త డ్రాయింగుకు ప్రోగ్రామ్ రాసి, చాటర్ (కోతలో అదురు) వస్తే ఎందుకొస్తుందో చెప్పగలిగే మనిషి తయారవడానికి రెండు మూడేళ్లు కావాలి. బాలానగర్‌లో సెట్టర్ మానేస్తే రెండు రోజుల్లో ఇంకొకడు దొరుకుతాడు. మరో 2,000 ఎక్కువిస్తామంటే మీ సెట్టర్ కూడా అంతే సులువుగా పక్క షాపుకు పోతాడు. ఊళ్లో మీరు తయారుచేసిన మొదటి మంచి సెట్టర్ హైదరాబాద్ బస్సు ఎక్కుతాడు. అతని చోటుకు మనిషి ఉండడు, మెషిన్ నిలబడిపోతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. ఇన్ని లాభాలుంటే మీ వీధిలో నాలుగు షాపులు ఎందుకు మూతపడ్డాయి?

ఒకే రకం పరిశ్రమలు ఒకచోటే ఎందుకు గుమిగూడతాయో 1890లోనే ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త మూడు కారణాలు చెప్పాడు: పని తెలిసిన మనుషులు, ఆ పనికి కావలసిన సరుకులూ సేవలూ, ఒకరి నుంచి ఒకరికి పాకే పనితనం. పైన మనం చూసినవి అవే. అయితే ఇవి ఉన్నచోట షాపులు ఎక్కువ కాలం బతుకుతాయా అన్నది వేరే ప్రశ్న. అమెరికా చెప్పుల ఫ్యాక్టరీల యాభై ఏళ్ల వివరాలను, 1940 నుంచి 1989 దాకా, సోరెన్సన్, ఆడియా అనే ఇద్దరు పరిశోధకులు తిరగేశారు. ఫ్యాక్టరీలు దట్టంగా ఉన్న ప్రాంతాల్లోనే మూతలు ఎక్కువని తేలింది. మరి ఆ ప్రాంతాలు ఎందుకు ఖాళీ కాలేదు? మూతపడ్డవాటి చోట కొత్తవి పుడుతూ వచ్చాయి కాబట్టి. పని నేర్చుకోవడానికి, కొనేవాళ్లెవరో తెలుసుకోవడానికి అదే చోటు మరి. గుంపు బతుకుతుంది, గుంపులో ఉన్న ప్రతి ఒక్కరూ బతకాలని లేదు.

డెట్రాయిట్ కార్ల పరిశ్రమ మీద స్టీవెన్ క్లెప్పర్ చేసిన పరిశోధన ఇంకో మెట్టు పైకెళ్లింది. అక్కడ గట్టిగా నిలబడ్డవి ముందున్న మంచి కంపెనీల్లో పనిచేసి బయటికొచ్చిన మనుషులు పెట్టిన కంపెనీలు. ఆ అనుభవం లేకుండా డెట్రాయిట్‌లో దిగినవాళ్లకు, వేరే ఊళ్లో పెట్టినవాళ్లకంటే ఒరిగిందేమీ లేదు. మనకు ఇది కొత్త కాదు. మీ బాలానగర్ పక్కనే ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ ఉండేది. అందులో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయన దగ్గర పనిచేసి బయటికొచ్చిన మురళి దివి 1990లో తన కంపెనీ మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో మందుల పరిశ్రమ పాకింది ఇలాగే, ఒక కంపెనీ మనుషుల నుంచి మరో కంపెనీకి. ఇందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది: బాలానగర్‌లో మీరు నేర్చుకున్న పని, మిమ్మల్ని నమ్మే కొనుగోలు అధికారులు మీ వెంట కొంతదూరం వస్తారు. ఫర్నేస్ రాదు.

మీ వీధిలో మూతపడ్డ నాలుగు షెడ్లలో ఇప్పుడు ఎవరున్నారో చూడండి. కనీసం రెండింటిలో మళ్లీ లేత్ చప్పుడే వినిపిస్తుంటుంది. ఇంకో సంగతి, ఇలాంటి చోట మూసేయడం కూడా సులువు. పాత సీఎన్‌సీని పక్కవీధి మనిషే వచ్చి, నడిపి చూసి, కొనుక్కుపోతాడు. సూర్యాపేటలో అదే మెషిన్ అమ్మాలంటే కొనేవాడు హైదరాబాద్ నుంచే రావాలి, క్రేను ఖర్చు ధరలోంచే కోస్తాడు. దట్టమైన చోట మూతలు ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. నష్టం ముదరకముందే బయటపడే దారి అక్కడ ఉంటుంది.

ఇక ధరలు కోసుకోవడం. ఒకే డ్రాయింగు ఐదు షాపులకు పోతుంది, ఎవరో ఒకరు మీకంటే ముప్పై శాతం తక్కువ చెబుతారు. ఎలా గిట్టుబాటవుతుందో లెక్క చూడండి. 24 లక్షల సీఎన్‌సీ, ఐదేళ్ల అప్పు, పదిన్నర శాతం వడ్డీ అంటే కిస్తీ నెలకు దాదాపు 51,600. ఒక షిఫ్టు, 25 రోజులు, 70 శాతం మెషిన్ నడక వేస్తే 140 గంటలు. కిస్తీ భారమే గంటకు 370 దాకా పడుతుంది. కొత్తగా పెట్టిన కుర్రాడు రెండు షిఫ్టులు నడిపితే అదే 185కు దిగుతుంది. అతనికి ఇల్లు కూడా షెడ్డు పైనే. మీరు ఒక్క షిఫ్టు నడుపుతూ సాదా టర్నింగ్‌లో అతనితో పోటీపడితే ఓడిపోతారు, అది బాలానగర్ తప్పు కాదు. మీ మెషిన్ల కిస్తీలు తీరిపోయి ఉంటే కొంత ఊపిరి ఉంటుంది. ఆ ఊపిరిని ధర తగ్గించడానికి వాడకండి, అందరికీ అవసరమై ఎవరి దగ్గరా లేని పని ఒకటి పెట్టడానికి వాడండి. పనిచేసే స్థితిలో ఉన్న పాత సిలిండ్రికల్ గ్రైండర్ కావచ్చు, పొడవు షాఫ్టులకు స్ట్రెయిటెనింగ్ ప్రెస్ కావచ్చు, లోతు బోరింగ్ కావచ్చు. అప్పుడు ఆ రెండు షిఫ్టుల కుర్రాడే మీ దగ్గరికి సరుకు తెస్తాడు. చుట్టూ షాపులు ఎక్కువ ఉండటం మీకు కలిసిరావాలంటే దారి ఇదొక్కటే అని మా అభిప్రాయం.

గుంపుకు గుంపే మునిగే సందర్భాలూ ఉన్నాయి. మార్కాపురం పలకల గనులు, కోత షాపులు అన్నీ ఒకేచోట ఉండేవి. బడిలో పలక పోయి నోట్‌బుక్ వచ్చాక పక్కనున్న షాపు ఎవరికీ సాయపడలేదు. సిరిసిల్ల మరమగ్గాలు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు మీద ఊపందుకున్నాయి, ఆ ఆర్డరు ఆగగానే 2024లో వీధులకు వీధులే చప్పుడు లేకుండా పోయాయి. అందరూ ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే దగ్గరగా ఉండటం వల్ల కష్టం కూడా ఒకేసారి వస్తుంది. మీ బిల్లుల్లో ఒకే కంపెనీ వాటా సగానికి మించితే, షెడ్డు మార్చే ఆలోచన కంటే ముందు దాన్ని సరిచేసుకోండి.

ఇంకొక ముప్పు మీ చేతిలో లేదు. ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉన్న పాత పారిశ్రామిక భూములను, రుసుము కట్టించుకుని, ఇళ్లకూ వ్యాపార సముదాయాలకూ మార్చుకోనిచ్చే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది. మీరు అద్దెకున్నారు. యజమాని ఎప్పుడో ఒకనాడు ఖాళీ చేయమనొచ్చు. పదకొండు నెలల కాగితం మీద ఉంటే మూడేళ్లకైనా రిజిస్టర్డ్ లీజు రాయించుకోండి, ఖాళీ చేయాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలనే షరతు పెట్టించండి. అంతకంటే ముఖ్యంగా, ఫర్నేస్‌ వాళ్లనూ ప్లేటింగ్ వాళ్లనూ కలిసి "మీరెక్కడికి పోవాలనుకుంటున్నారు?" అని అడగండి. ప్లేటింగ్ పని కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో ఎరుపు వర్గం. నగరం మధ్య నుంచి ముందు కదలవలసి వచ్చేది వాళ్లే. వాళ్లు కదిలిన రోజు మీ షెడ్డు ఉన్నచోటే ఉన్నా, బాలానగర్ మీకు బాలానగర్ కాదు. వాళ్లు ఎటుపోతే మీరు అటు చూడాలి.

సరే, ఏం చేయాలి? షెడ్డు కదపకుండానే ఒక నెల సూర్యాపేటలో ఉన్నట్టు నడపండి. వారంలో రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం మాత్రమే బయటి పనికి సరుకు పంపండి, తెచ్చుకోండి. మిగతా రోజుల్లో ఇన్సర్ట్ అయిపోయినా, డ్రిల్ విరిగినా, కూలెంట్ తగ్గినా గేటు దాటొద్దు. దాటక తప్పకపోతే ఒక పుస్తకంలో రాయండి: తేదీ, ఏ జాబ్, ఎందుకు వెళ్లాల్సి వచ్చింది, వెళ్లకపోతే ఎన్ని గంటలు మెషిన్ ఆగేది. అర్జెంటుగా ఫోన్ చేసి "రాత్రికి కావాలి" అన్న షట్‌డౌన్ జాబ్‌లను (ఫ్యాక్టరీ ఆగినప్పుడు వచ్చే పనులను) వేరే పేజీలో రాయండి, బిల్లు మొత్తంతో సహా. ఆ పని మీకు మంచి ధర ఇస్తుంది, ఊరు మారిన మొదటి రోజే అది పోతుంది. నెలాఖరుకు ఈ రెండు పేజీలు మీ తమ్ముడి ముందు పెట్టండి.

జాబ్‌లను కూడా రెండు కుప్పలు చేయండి. రాడ్డు వచ్చి, మీ మెషిన్ మీదే మొత్తం పూర్తయి, నేరుగా కంపెనీకి పోయేవి ఒకటి. బుష్‌లు, వాషర్లు, బ్రైట్ బార్ మీద చేసే నట్లు ఇందులోకి వస్తాయి. ఒక్కసారైనా బయటికి పోయి తిరిగొచ్చేవి రెండోది. మొదటి కుప్ప బిల్లుల్లో డెబ్బై శాతం దాటితే సూర్యాపేట గురించి ఆలోచించవచ్చు. సగం కూడా లేకపోతే ఆ మాట మరిచిపోండి. మధ్యలో ఉంటే ఒక సీఎన్‌సీని, మొదటి కుప్పనూ అక్కడికి పంపి, మిగతావి ఇక్కడే చిన్న షెడ్డులో ఉంచుకోవడం మేలు.

రెండో కుప్పలోని కొన్ని జాబ్‌లకు బయటి తిరుగుడు తగ్గించనూ వచ్చు. పైన చెప్పిన షాఫ్టుకు ఈఎన్24 బదులు ముందే హార్డెనింగ్, టెంపరింగ్ అయిన ఈఎన్24టీ రాడ్డు కొంటే (248 నుంచి 302 బ్రినెల్, గట్టిదనానికి ఇంకో కొలత) ఫర్నేస్ ప్రయాణం రెండువైపులా తప్పుతుంది. ఇన్సర్ట్‌లు తొందరగా అరుగుతాయి, కటింగ్ స్పీడు తగ్గించాలి. డ్రాయింగులో కనీసం 28 రాక్‌వెల్ అని ఉంటే వచ్చిన ప్రతి రాడ్డునూ పరీక్షించాలి. పైహద్దు 302 బ్రినెల్ 32 రాక్‌వెల్‌కు సరిపోతుంది గానీ, 248 దగ్గరున్న రాడ్డు 28 రాక్‌వెల్ కంటే కిందికే వస్తుంది. రాడ్డు మధ్యభాగం ఇంకాస్త మెత్తగా ఉండొచ్చు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మార్చకండి, మిల్ టెస్ట్ సర్టిఫికెట్ అట్టిపెట్టుకోండి. బాలానగర్‌లో ఉన్నా ఇది చేయదగ్గదే.

విజయవాడ ఆటోనగర్ కూడా సూర్యాపేటకు అంతే దూరం కదా, అటు వాడుకుందాం అని మీ తమ్ముడు అనవచ్చు. 1966లో మొదలైన ఆటోనగర్ లారీల మీద పెరిగింది. బాడీ బిల్డింగ్, కమాను పట్టీలు, ఇంజిన్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ అక్కడి బలం. మీ కంపెనీలకు కావలసిన టాలరెన్సులకు, కాగితాలకు అలవాటుపడ్డ షాపులు ఎన్ని దొరుకుతాయో వెళ్లి రెండు రోజులు తిరిగి చూడనిదే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మాకైతే వేరే దారి మెరుగ్గా కనిపిస్తోంది. అదే హైవే మీద, చౌటుప్పల్ మండలం దండుమల్కాపురంలో చిన్న పరిశ్రమల కోసమే 2019లో మొదలైన పార్కు ఉంది. బాలానగర్ నుంచి యాభై అరవై కిలోమీటర్లు. పొద్దున పంపిన బండి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరం, మీకు హద్దు అదే. అక్కడ అద్దె షెడ్లు ఉన్నాయేమో, చుట్టూ ఏయే పనులు చేసేవాళ్లు దిగారో వెళ్లి చూడండి. ఫర్నేస్, గ్రైండింగ్ లాంటివి ఒకటి రెండు అక్కడికి వచ్చి ఉంటే సూర్యాపేట మాట ఎత్తే పనే లేదు.

పక్క షాపులతో కలిసి ఉమ్మడిగా ఫర్నేసో, టెస్టింగ్ గదో పెట్టుకునే పథకం కూడా ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థల క్లస్టర్ పథకం కింద 5 నుంచి 10 కోట్ల ఉమ్మడి కేంద్రానికి కేంద్రం 70 శాతం, 10 నుంచి 30 కోట్ల దానికి 60 శాతం గ్రాంటు ఇస్తుంది. షాపులన్నీ కలిసి ఒక సంస్థగా నమోదు కావాలి. ఇలాంటివి దెబ్బతినేది మెషిన్ కొన్న తర్వాత. కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం ఎవరివన్నది ముందే తేల్చుకోరు, సభ్యులు తమ సరుకే ముందు కావాలంటారు. గంటకు ఎంత, ఎవరి సరుకు ఏ వరుసలో అన్నది దరఖాస్తుకు ముందే రాసుకోండి. అప్పటిదాకా మీ వీధికి దగ్గర్లోనే 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉండనే ఉంది. టెస్టింగ్‌కూ, శిక్షణ పొందిన కుర్రాళ్లకూ అక్కడ అడగండి.

ఇన్ని లెక్కలూ చూశాక కూడా ఒక మెషినో రెండో కదపాలని తేలితే, వరుస తప్పకండి. ముందు బ్యాంకు. అప్పు ఉన్న మెషిన్‌ను వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా కదపకూడదు. బీమా పాలసీలో కొత్త చిరునామా ఎక్కించాకే క్రేను పిలవండి, పాత చిరునామా ఉంటే క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది. జీఎస్టీలో అదనపు వ్యాపార స్థలం చేర్చండి. బయటి పనికి చలాను మీద పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలన్న నిబంధన దూరం పెరిగాక మరింత గుర్తుండాలి, ఏ ముక్క ఎక్కడుందో మరిచిపోవడం అప్పుడే మొదలవుతుంది.

కాంక్రీటు వేసిన తర్వాత 28 రోజులు ఆగి మెషిన్ ఎక్కించండి. తొందరపడితే లెవెల్ నిలవదు. మీటరుకు 0.02 మిల్లీమీటర్ల లెవెల్ పెట్టించి, నెల తర్వాత మళ్లీ చూపించండి. కరెంటు విషయంలో సబ్‌స్టేషన్‌కు వెళ్లి, మీ స్థలానికి వచ్చే ఫీడరు వ్యవసాయానిదా, ఊరిదా, పరిశ్రమలదా అని అడగండి. పోయిన నెలలో ఎన్నిసార్లు ఆగిందో లాగ్‌బుక్ చూపించమనండి. కట్ మధ్యలో కరెంటు పోతే ఇన్సర్ట్ పోతుంది, ముక్క పోతుంది, ఒక్కోసారి టరెట్ (టూళ్లు బిగించే తల) కూడా పక్కకు జరుగుతుంది. స్టెబిలైజర్, జనరేటర్ ఖర్చు మొదటి రోజు నుంచే వేసుకోండి. బాలానగర్‌లో పది నిమిషాల్లో తెచ్చుకునేవన్నీ అక్కడ అల్మారాలో ఉండాలి: పదిహేను రోజుల ఇన్సర్ట్‌లు, బెల్టులు, ప్రాక్సిమిటీ స్విచ్‌లు, ఫ్యూజులు, సాఫ్ట్ జాలు, స్లైడ్‌వే ఆయిల్ 68, హైడ్రాలిక్ ఆయిల్ ఒక డబ్బా.

మెషిన్ విప్పకముందే పారామీటర్లు, ప్రోగ్రాములు, ఆఫ్‌సెట్లు మెమరీ కార్డులోకి ఎక్కించి, ఒక కాపీ ఇంట్లో ఉంచండి. కరెంటు లేకుండా మెషిన్ రెండు మూడు వారాలు ఉండబోతుంటే ఎన్‌కోడర్ (అక్షాల స్థానాన్ని గుర్తుంచుకునే భాగం) బ్యాటరీలు ముందే మార్పించండి. అవి మెషిన్ ఆన్‌లో ఉన్నప్పుడే మార్చాలి. ఆపి మార్చితే అక్షాల జీరో పోతుంది, దాన్ని తిరిగి పెట్టడానికి సర్వీసు ఇంజినీరు హైదరాబాద్ నుంచే రావాలి.